పదకొండో తరగతి మధ్యవర్తి

మా అమ్మాయి పదకొండో తరగతిలో న్యాయశాస్త్రం చదువుతానని ప్రకటించిన రోజు మా ఇల్లు జానెడు లోపలికి కుంగింది. గోడ గడియారం ఆగిపోయింది. పొయ్యి మీది పాలు విరిగిపోయాయి. పాల్మాకుల మీదుగా దిగబోతున్న విమానం ఒకటి, సంగతి తెలిసి, మళ్లీ పైకి లేచి ఇంకో చుట్టు తిరిగింది. ఇదంతా నేను పెంచి చెప్తున్నానని మా ఆవిడ అంటుంది. పాలు విరిగిన మాట మాత్రం నిజం. కావాలంటే ఆమెనే అడగండి.

మా చుట్టాల్లో పదో తరగతి గట్టెక్కిన పిల్లలకు రెండే దారులు. లెక్కలు తీసుకుంటే ఇంజనీరు, జీవశాస్త్రం తీసుకుంటే డాక్టరు. మూడో దారి ఒకటుందని తెలిసినవాళ్లు కూడా పైకి చెప్పరు, పిల్లలు వింటారని. అలాంటిది షంషాబాద్‌లో వాళ్ల బడివాళ్లు 'లీగల్ స్టడీస్' అని ఒక కొత్త సబ్జెక్టు పెట్టారు. లా కాలేజీ గడప తొక్కకముందే, ఇంకా ఓటైనా రాకముందే, రాజ్యాంగం, కోర్టులు, ఒప్పందాలు, మధ్యవర్తిత్వం అన్నీ చదివిస్తారట. చేరినవాళ్లు ఏడుగురు. ఏడో మనిషి మా అమ్మాయి.

"న్యాయం బడిల చెప్తరా? గది కోర్టుల గదా ఉండేది?" అంది మా ఆవిడ.

"కోర్టులనే ఉంటే మన షాపు ముందట గంత మంది ఎందుకు నిలబడతరమ్మా?" అంది అమ్మాయి.

నిజమే. రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా నాది జిరాక్స్ షాపు. విమానాశ్రయం వచ్చిన దగ్గరి నుంచి ఈ మండలంలో ప్రతి గుంట భూమి కాగితమూ నా గాజుపలక మీద ఒకసారి బోర్లా పడుకుని లేచిందే. అన్నదమ్ముల పంపకాలు, పెద్దమనుషుల ఒప్పందాలు, వకీలు నోటీసులు. దేశంలోని జడ్జీలందరూ కలిసి చూసినదానికంటే ఎక్కువ కాగితం నేనొక్కణ్ణే చూశాను. చదివాననడం లేదు. చూశాను.

పుస్తకం వచ్చింది. దాని బరువుకు నా స్కూటరు ముందు చక్రం గాల్లోకి లేచింది. అమ్మాయి అందులో మొదటి వారమే ఒక సూత్రం పట్టుకుంది: ఇరుపక్షాల మాటా వినకుండా తీర్పు చెప్పకూడదు. ఇక మా ఇల్లు ఇల్లు కాకుండా పోయింది. ఒకరోజు డబ్బాలో ఉండాల్సిన తీపి గరిజెలు మాయమయ్యాయి. మా ఆవిడ అలవాటు ప్రకారం నా వైపు చూసింది. ఇరవై రెండేళ్లుగా మా ఇంట్లో దర్యాప్తు, విచారణ, తీర్పు అన్నీ ఆ ఒక్క చూపులో అయిపోతున్నాయి.

"అమ్మా, బాపు మాట వినకుండ ఎట్ల తేలుస్తవ్?" అని అమ్మాయి అడ్డు తగిలింది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "చెప్పు బాపూ, ఏం బుగులు పడకు" అంది. అంత మర్యాదగా అడిగేసరికి నిజం తన్నుకొచ్చింది. ఆరు తిన్నానని ఒప్పుకున్నాను. మా ఆవిడ లెక్క ప్రకారం పోయినవి నాలుగే. న్యాయం గొప్పదే గానీ నా ఒంటికి పడదని ఆ రోజే తేలిపోయింది.

ఇంటి తగాదాలన్నీ ఇలా ఆమె బల్ల మీదికి వచ్చాయి గానీ, ఒక్కటి రాలేదు. అది గోడకు అవతల ఉంది. మా అన్న.

మా అన్న నాకంటే ఆరేళ్లు పెద్ద. మా నాన్న పోయాక వేరుపడి, వాకిలి మధ్యన నడుమెత్తు గోడ కట్టుకున్నాం. గోడ కట్టింది కూడా ఇద్దరం కలిసే, నవ్వుకుంటూ. అటు ఆయన ఆకుకూరల మళ్లు, బర్రె. ఇటు నేను, నా వాగుడు. చిన్నప్పుడు నాకు కామెర్లొస్తే పసరు మందు కోసం నన్ను వీపున వేసుకుని మోసిన మనిషి. ఎంత దూరమో సరిగ్గా యాదికి లేదు. కొన్నేళ్లు ఆరు మైళ్లని చెప్పాను, ఇప్పుడు పదిహేను దాకా వచ్చింది. అలాంటి అన్నతో నాలుగేళ్లుగా నాకు మాటల్లేవు.

కారణం, ఆయన బిడ్డ పెళ్లి. మా వైపు పెళ్లికి పిలవడమంటే ఇంటి ఆడమనిషి కుంకుమ భరిణె పట్టుకుని గడప గడపకూ వెళ్లి, నుదుట బొట్టు పెట్టి, పత్రిక చేతిలో పెట్టి పిలవాలి. బొట్టు పెట్టకుండా ఫోనులో పిలిస్తే, గవర్నరు పిలిచినా మావాళ్లు పోరు. పెళ్లికి వారం ముందు మా వదినె ఊరంతా బొట్టు పెట్టి పిలిచింది. మా పక్కింటికి వచ్చింది, ఎదురింటికి వెళ్లింది. మా గడప ముందు నుంచే వెళ్లింది, ఎక్కలేదు. మా ఆవిడ స్నానం చేసి, కొత్త చీర కట్టుకుని, మూడు రోజులు తలుపు దగ్గరే కూర్చుంది. ఎవరూ రాలేదు. పిలవని పెళ్లికి మేం పోలేదు. అన్న ఎందుకు రాలేదని అడగలేదు, నేను ఎందుకు పిలవలేదని అడగలేదు.

అప్పటినుంచి ఆయన నాతో చెప్పాల్సినవన్నీ బర్రెతో చెప్పడం మొదలుపెట్టాడు. "మోటరు నడుస్తనే ఉన్నది, ట్యాంకి నిండి పోతున్నది, బందు జేసేటోళ్లు లేరాయె" అని దాని గంగడోలు నిమురుతూ గట్టిగా అనేవాడు. నేను పోయి మోటరు ఆపేవాణ్ణి. అటు మళ్లీ, "మంచిదాయె" అని బర్రెకు మెప్పు. నాలుగేళ్లలో ఆ బర్రెకు మా వంశం సంగతులు ఎంత తెలిశాయంటే, సాక్ష్యానికి పిలిస్తే మూడు వాయిదాలు సరిపోవు.

నవ్వించడానికి చెప్తున్నాను గానీ, నాకు నవ్వు రాలేదు. రోజూ పొద్దున ఆయన దగ్గు వినబడేది. దగ్గు ఎక్కువైన రోజు గోడ దాకా పోయి తిరిగొచ్చేవాణ్ణి. అడగడానికి నాకు బర్రె కూడా లేదు.

అలా ఉండగా బడిలో ప్రాజెక్టు ఇచ్చారు. నిజమైన తగాదా ఒకదానికి మధ్యవర్తిగా కూర్చుని, జరిగింది రాసుకు రావాలి. వాళ్ల మేడమ్ షంషాబాద్ మనిషే. కొన్నాళ్లు వకీలుగా నల్లకోటు వేసుకుని, కోర్టు అరుపులకు చెవులు నొచ్చి బడికి వచ్చిందట. "దేఖో బేటా, కోర్టుల ఒకరు గెల్చి పోతరు, ఒకరు ఓడి పోతరు. మధ్యవర్తి కాడ ఇద్దరు ఇంటికి పోతరు" అని ఆమె చెప్పిన మాటను మా అమ్మాయి పుస్తకం మొదటి పేజీలో రాసుకుంది.

"బాపూ, నువ్వు పెద్దబాపుతోని కూసుంటవా?" అని అడిగింది ఒకనాడు, నేను పేపరు చదువుతుండగా.

"నీకు ఊళ్ల ఇంకో పంచాయితే దొరకలేదా? మన షాపుకు రా, భూమి కేసులు కిలోలల్ల ఉన్నయి."

"గవి ఎవరన్న తెంపుతరు. ఇది తెంపేటోళ్లు లేరు."

"నేను రాను పో."

"సరే. మధ్యవర్తి కాడికి బలవంతంగ తెచ్చుడు ఉండదు. ఇష్టముంటేనే." అని లేచి వెళ్లిపోయింది. బతిమాలుతుందేమోనని చూశాను. బతిమాలలేదు. చట్టం చదివిన పిల్లలతో ఇదే చిక్కు, మనకు అలిగే అవకాశం కూడా ఇవ్వరు.

ఆ సాయంత్రమే గోడ దాటి అటు వెళ్లింది. నేను జామచెట్టు ఆకులు లెక్కపెడుతున్నట్టు నటిస్తూ చెవి అటు వేశాను. ఆమె మొత్తం చెప్పేదాకా మా అన్న బర్రె ముందు గడ్డి సర్దాడు. తర్వాత, "వాడొస్తనన్నడా?" అన్నాడు.

"రాననే అన్నడు పెద్దబాపు. అబద్ధం చెప్పొద్దు నేను."

"అట్లనా." చేతులు దులుపుకుని, "నేనైతే వస్తనని చెప్పు," అన్నాడు.

ఆ మాట ఆయన నా వైపు చెప్పలేదు, బర్రె వైపు చెప్పలేదు. అది విన్నాక నేను జామచెట్టుకు చేరబడి, మిగతా ఆకులన్నీ నిజంగానే లెక్కపెట్టాను.

మధ్యవర్తి కూర్చునే చోటు ఎవరి ఇల్లూ కాకూడదట. అందుకని శనివారం మధ్యాహ్నం, పిల్లలు వెళ్లిపోయాక, పదకొండో తరగతి గదిలో. మా అన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఆ బెంచీలు పదహారేళ్ల మోకాళ్లకు చేసినవి. ఇద్దరం అందులో దిగబడ్డాం. మమ్మల్ని మళ్లీ బయటికి తీయడానికి బరువులు లేపే క్రేను కావాల్సి వస్తుందనుకున్నాను. మేడమ్ మమ్మల్ని చూసి నవ్వు ఆపుకుంటూ, "అన్నా, మీరు మంచిగ మాట్లాడుకోన్రి. నేను బయట కూసుంట. ఈడ చెప్పింది ఈడనే ఉంటది, నాకు గూడ చెప్పొద్దు," అని టిఫిన్ డబ్బా తీసుకుని వరండాలోకి వెళ్లింది.

మా అమ్మాయి బల్ల ముందు కూర్చుంది. పుస్తకం మొదటి పేజీ తెరిచి పెట్టుకుంది. "ఒక్కటే రూలు. ఒకరు మాట్లాడినంక, రెండో మనిషి ముందుగాల ఆ మాటనే మళ్ల చెప్పాలె. ఆయనేమన్నడో ఆయన లెక్కనే చెప్పాలె. తర్వాతనే తన మాట."

"గంతేనా?" అన్నాన్నేను. ఇరవై రెండేళ్లుగా నకళ్లు తీసేవాడికి అదేం లెక్క?

మా అన్న మొదలుపెట్టాడు. ఏడాదికొక వాక్యం మాట్లాడే మనిషి, నాలుగేళ్ల సరుకు ఒకేసారి తీశాడు. "మీ వదినె ఊరంత బొట్టు పెట్టింది. మీ ఇంటికి రాలే. ఎందుకు రాలే? ఇంటోళ్లకు బొట్టు పెట్టి పిలుస్తరా ఎవరన్న? నీ చేతుల పత్రిక పెట్టి, 'మా బిడ్డ పెండ్లి, దయచేసి రాన్రి' అంటే, నువ్వు పరాయోడివైతవు. ఆ మాట మాకు నోట్లెకెల్లి వస్తదా? పందిరి ఎయ్యనీకె నువ్వొస్తవని చూసిన. రాకపోతివి."

"మరి గోడ కట్టినంక వేరే ఇల్లు..." అని నేను అందుకోబోయాను.

"బాపూ." అమ్మాయి వేలు ఎత్తింది. "ముందుగాల పెద్దబాపు మాట."

చెప్పడం మొదలుపెట్టాను. ఇంటివాళ్లకు ఎవరైనా బొట్టు పెట్టి పిలుస్తారా అనే దాకా బాగానే వచ్చింది. నువ్వు పరాయివాడివైపోతావు అనే దగ్గర నా నోరు ఆగింది. నాలుగేళ్లుగా నేను అన్నకు పరాయివాణ్ణి అయ్యానని ఏడ్చాను. ఆయనేమో నన్ను పరాయివాణ్ణి చేయకూడదని పిలవలేదు. ఈ మాట ఆయన చెప్పగా వినడం వేరు, నా నాలుక మీదికి ఎక్కించుకోవడం వేరు.

అప్పుడు మా అన్న జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో పెళ్లి పత్రిక.

"సాక్ష్యం అక్కర లేదు పెద్దబాపు, ఇది కోర్టు గాదు," అంది అమ్మాయి.

"సాక్ష్యం గాదు బిడ్డా. వాని పత్రిక వానికియ్యనీకె తెచ్చిన."

ఆ పత్రిక ఊళ్లో ప్రతి ఇంట్లోనూ ఉండేది. నేను అలిగి ముట్టుకోలేదు, ఎవరైనా చూపించబోతే మొహం తిప్పుకునేవాణ్ణి. మొదటిసారి విప్పాను. కింద 'ఆహ్వానించువారు' అని ఉంది. దాని కింద అన్నా వదినెల పేర్లు. పక్కనే, అదే వరుసలో, నా పేరూ మా ఆవిడ పేరూ. అక్షరాల సైజు పనివాణ్ణి గదా, ముందు అదే చూశాను. నాలుగు పేర్లూ ఒకే సైజు. ఊరందర్నీ ఆ పెళ్లికి పిలిచింది నేను. అందరూ వచ్చారు. పిలిచినవాడు రాలేదు.

నా వంతు వచ్చింది. ఎవరికీ, మా ఆవిడకు కూడా చెప్పని సంగతి చెప్పాను. పెళ్లిరోజు కొత్త చొక్కా వేసుకుని గగన్‌పహాడ్ దాకా వెళ్లాను. ఫంక్షన్ హాలు ఎదురుగా, రోడ్డుకు అవతల, స్కూటరు మీద కూర్చున్నాను. ఎవరైనా చూసి చెయ్యి ఊపితే చాలు, లారీల మధ్యలోంచి దూకి వచ్చేవాణ్ణి. ఎవరూ చూడలేదు. భోజనాలయ్యాయి, సన్నాయి ఏడుపు రాగం ఎత్తుకుంది, అప్పుడు బండి తిప్పుకున్నాను.

మా అన్న దాన్ని మళ్లీ చెప్పాలి. "నువ్వు... కొత్తంగి తొడుక్కొని... రోడ్డుకవతల..." అని ఆగాడు. పెద్ద చేతులు చిన్న బెంచీ మీద పెట్టుకుని వాటినే చూశాడు. "గంత ఎండల కూసున్నవా రా?"

అది రూలు ప్రకారం చెప్పిన మాట కాదు. మా అమ్మాయి వేలు ఎత్తలేదు.

మళ్లీ ఆయనే అన్నాడు: "అప్పగింతలప్పుడు బిడ్డ నా చెయ్యి పట్కొని, చిన్నబాపేడని అడిగింది. మూడుసార్లు అడిగింది. నేను చెప్పలే."

మళ్లీ చెప్పడం నా పని. పాలల్లో చెయ్యి ముంచి పిల్లను అత్తవారి చేతిలో పెట్టే ఆ తంతులో తండ్రి పక్కన బాబాయి నిలబడాలి. చెప్పడానికి నోరు తెరిచాను. పెంచి చెప్పడం నాకు వెన్నతో పెట్టిన విద్య. ఉన్నదున్నట్టు చెప్పడం ఆ రోజు చేతకాలేదు. మా అమ్మాయి నీళ్ల సీసా నా ముందుకు జరిపి, ఎంతసేపైనా సరే అన్నట్టు కూర్చుంది. మొత్తానికి చెప్పాను. మూడుసార్లు అనే దగ్గర మూడుసార్లు ఆగాను.

ఒప్పందం ఆమె చేతిరాతతో ఒక్క పేజీ. ఒకటే షరతు: బాపు పెళ్లైన అక్క ఇంటికి పోవాలి, పెద్దబాపు తోలుకుపోవాలి. ఇద్దరం సంతకాలు పెట్టాం. నకలు తీసిస్తానన్నాను. ఇది గోప్యమని కాగితం లాగేసుకుంది.

ఆ గోప్యం ఆమె మెడకే చుట్టుకుంది. ప్రాజెక్టులో ఏం రాయాలి? నాలుగు వాక్యాలు రాసిచ్చింది: "రెండు పక్షాలు. ఒక తగాదా. తీరింది. మిగతాది వాళ్లది." మిగతా పిల్లలు బొమ్మలతో సహా ముప్పై పేజీలు కుట్టుకొచ్చారు. మేడమ్ ఆమెకు మార్కులు కోసింది. "సబ్జెక్టు నీకే సమజైంది బేటా. గాని పేజీలకు గదా మార్కులు, నేనేం చెయ్యాలె?" అందట. నేనూ మా అన్నా కలిసి పోయి పోట్లాడదామనుకున్నాం. చాలా ఏళ్ల తర్వాత మేమిద్దరం కలిసి వేసిన పథకం అది. అమ్మాయి పోనివ్వలేదు. ఇప్పుడు ఇదంతా మీకు చెప్తున్నానంటే ఇరుపక్షాల రాతపూర్వక అనుమతి ఉంది. పేర్లు రాయొద్దని మా అన్న షరతు, రాయలేదు.

మరుసటి ఆదివారం అన్న నా స్కూటరు వెనక ఎక్కాడు. ఆయన బిడ్డ ఇల్లు తుక్కుగూడలో, అరగంట దారి. నాకు నాలుగేళ్లు పట్టింది. మా షాపులో కాగితాల కట్టల మీద కూర్చుని అక్షరాలు దిద్దుకున్న పిల్ల తలుపు తీసి, నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"ఎవరు గావాలె?"

"నేను బిడ్డా, చిన్నబాపును."

తండ్రి వైపు తిరిగింది. "నాకు చిన్నబాపు ఉన్నడా?"

"ఉన్నడు బిడ్డా. జర లేటైంది వానికి," అన్నాడు అన్న.

లోపలి నుంచి అత్తగారు, "ఎవరొచ్చిన్రే?" అని కేకేసింది.

"మా పెండ్లికొచ్చిన్రు అత్తమ్మా. కూసోబెట్టాల్నా, పంపియ్యాల్నా?"

"పెండ్లికొచ్చినోళ్లను అన్నం పెట్టకుండ పంపిస్తరా?" అంటూ ఆవిడ తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది. మనిషి నిండుగా, నవ్వుమొహంతో ఉంది. సంగతి విని, నన్ను కూర్చోమంది. నేను నిలబడే ఉన్నాను.

"అత్తమ్మా, వీళ్లు నన్ను నీకు సగమే ఇచ్చిన్రు. మా చిన్నబాపు ఇయ్యనే లేదు," అంది పిల్ల. నవ్వుతూనే అంది. ముక్కు మాత్రం ఎర్రబడింది.

"గందుకేనా నాలుగేండ్ల సంది సగం పనే చేస్తున్నవ్?" అని ఆవిడ వంటింట్లోకి పోయి, పళ్లెంలో పాలు పోసుకుని వచ్చింది. "ఇగో అన్నా, మిగిలిన సగం ఇచ్చి పో. నాకు పని ఎల్లుతలేదు."

మా అన్న నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. నేను పాలల్లో చెయ్యి ముంచాను. 'మా బిడ్డను మీ బిడ్డ లెక్క చూసుకోన్రి' అని చెప్పాలి. వెయ్యి పెళ్లిళ్లలో విన్న మాటే, 'మా బిడ్డను' దాకానే చెప్పగలిగాను. "చూసుకుంటనే ఉన్న తియ్యన్నా" అని ఆవిడే అంది. పిల్ల చెయ్యి తీసి ఆమె చేతిలో పెట్టాను. అటు చెయ్యి ఇచ్చింది గానీ, ఇటు నా వేళ్లను మాత్రం పిల్ల వదల్లేదు.